దండెం మీద గుడ్డ

ఆగస్టు, మంగళవారం

ఇవాళ సుశీల వాళ్ళ ఇంటికి పోకుండా ఉండాల్సింది.

పోయిన నెల ఆడవాళ్ళ మీటింగులో చెప్పింది నేనే. ముట్టుగుడ్డలు సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయండి, చీకట్లో చీరల కింద దాస్తే పుండ్లు పడతాయి అన్నాను. అందరూ తలలూపారు. చేసింది మాత్రం సుశీల ఒక్కతే. పదో తరగతి పిల్ల. వాకిట్లో దండెం మీద, నాయన చొక్కా పక్కనే ఆరేసిందట.

ఆ సాయంత్రమే కమ్ముకున్న మోడం చినుకు రాల్చకుండా చెదిరిపోయింది. శెనక్కాయకు ఊడలు దిగే సమయం, ఇప్పుడు తడి లేకుంటే కాయ పట్టదు. ఊరికి కారణం దొరికింది.

"నీ ఆశా వర్కర్ పాఠాలు నీ కాడే పెట్టుకో తల్లీ. ముట్టుగుడ్డ కంట్లో పడినాక మోడం నిలుస్తాదా?" అంది సుశీల అవ్వ.

పోయినేడూ వాన లేదు కదవ్వా, అప్పుడెవరు ఆరేశారు అని అడిగాను.

"అప్పుడూ ఎవతో ఏసింటాదిలే."

వాన లేని పోయినేడు కూడా వాళ్ళకు సాక్ష్యమే అయింది.

సుశీల సందు చివరిదాకా నా వెంట వచ్చింది. గుడ్డ మళ్ళీ ట్రంకుపెట్టె వెనక్కే పోయిందట. అప్పుడే తొడల మధ్య ఒరుపులు మొదలయ్యాయి, నడవలేకపోతోంది. నా మీద కోపమైనా పడలేదు.

"ఎవురికీ కనపడని ఎండ యాడుండాదో చెప్పక్కా, ఆడ ఆరేసుకుంటా" అంది.

ఎండ తప్ప ఇంకేమీ లేని ఊరు మాది. అలాంటి చోటు ఒక్కటీ తోచలేదు నాకు.