తెలంగాణ వచ్చేదాకా కుందేలు

దిల్‌సుఖ్‌నగర్, 3 డిసెంబర్ 2009

గోపయ్య మామకు మేనల్లుడు మహేందర్ నమస్కారాలు.

ఫోన్‌లో నీకు సగమే వినిపిస్తుంది కాబట్టి మీ ఊరి పాలాయన చేతికి ఉత్తరమిస్తున్నాను. మా జ్యోతిక ఏడ్చి ఏడ్చి కొనిపించుకున్న కుందేలును, రెండు గినీ పందులను ఇంటి ఓనరు తీసేయమన్నాడు. నేను పొద్దున లేస్తే ఎల్బీనగర్ దీక్షా శిబిరంలోనే ఉంటున్నాను. రేపు వాటిని ఆటోలో పంపిస్తాను. తెలంగాణ వచ్చేదాకా నీ దగ్గర ఉంచు. మహా అయితే పదిహేను రోజులు. రాగానే తెచ్చిస్తానని బిడ్డకు మాటిచ్చాను.

ఇట్లు,
మహేందర్

తా.క.: పందులు రెండూ ఆడవే. దుకాణం అతను గ్యారంటీ ఇచ్చాడు.

అల్మాస్‌గూడ, 5 డిసెంబర్

చిరంజీవి మహేందర్‌ను ఆశీర్వదించి గోపయ్య రాయునది.

పందులని రాశావని కొట్టం వెనక అడ్డంగా గోడ లేపి, కుడితి తొట్టి పెట్టించాను. "పందులు ఇంట్లకొస్తే నేను మా అమ్మగారింటికి పోత" అని మీ అత్త సోమమ్మ సంచి సర్దింది. తీరా చూస్తే కుందేలొక్కటే దిగింది. పందులేవని ఆటో అతన్ని నిలదీస్తే "నాకేం ఎరుక పెద్దాయనా, ఇచ్చింది తెచ్చిన" అన్నాడు. దారిలో ఎవరో కొట్టేసినట్టున్నారు. బిడ్డకు మెల్లగా చెప్పు.

ఇట్లు,
గోపయ్య

తా.క.: కుందేలు బుట్టలో తోకలేని ఎలుకలు రెండు దూరాయి. మీ అత్త మందు తెమ్మంటోంది.

దిల్‌సుఖ్‌నగర్, 6 డిసెంబర్

మామకు నమస్కారం.

మందు పెట్టొద్దు. ఆ ఎలుకలే పందులు. వాటికి రోజూ జామకాయో ఉసిరికాయో పడాలి, లేకపోతే జబ్బు చేస్తుంది. మూడింటికీ గడ్డి ఎప్పుడూ ముందుండాలి, రోజూ బోను ఊడవాలి. కుందేలును చెవులు పట్టి లేపొద్దు. సరిగా చూస్తే కుందేలు ఎనిమిదేళ్లు, పందులు ఆరేళ్లు బతుకుతాయట. కొనేటప్పుడు ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. నీకు పదిహేను రోజులే కాబట్టి ఇబ్బంది లేదు.

ఇట్లు,
మహేందర్

తా.క.: మందు పెట్టలేదు కదా?

అల్మాస్‌గూడ, 26 డిసెంబర్

చిరంజీవి మహేందర్‌కు ఆశీస్సులు.

పెట్టలేదు. తొమ్మిదో తారీఖున తెలంగాణ ఇస్తున్నామని టీవీలో చెప్పగానే బుట్ట కడిగి అరుగు మీద పెట్టాను. నువ్వు రాలేదు. ఇరవై మూడున వాళ్లు ఆ మాట వెనక్కి తీసుకున్నారు. నువ్వు మాత్రం పందులను వెనక్కి తీసుకోలేదు. వీటికి రోజూ కాయలు కోయడానికే నా కాపురం జామచెట్టు కిందికి మారింది.

ఇట్లు,
గోపయ్య

తా.క.: రెండూ ఆడవే అన్నావు. ఇవాళ పొద్దున అయిదయ్యాయి. ఆ గ్యారంటీ ఇచ్చినాయన ఎక్కడుంటాడు?

దిల్‌సుఖ్‌నగర్, 2 అక్టోబర్ 2011

మామకు నమస్కారం.

సకల జనుల సమ్మెలో ఉన్నాను. బస్సులు లేవు. ఈసారి వచ్చేస్తుంది. జ్యోతిక రోజూ "ఎప్పుడొస్తది నాన్నా" అంటుంది. "వస్తది బిడ్డా, ఢిల్లీల మాట్లాడుతున్నరు" అంటాను. అది అడిగేది కుందేలు గురించి.

ఇట్లు,
మహేందర్

తా.క.: ఇప్పుడెన్ని?

దిల్‌సుఖ్‌నగర్, 3 జూన్ 2014

మామకు నమస్కారం.

నిన్న తెలంగాణ వచ్చింది. ఓనరు కూడా ఒప్పుకున్నాడు. ఆదివారం బుట్ట పట్టుకుని వస్తున్నాం. నాలుగున్నరేళ్లు ఆలస్యమైనా మాట నిలబెట్టుకుంటున్నాను.

ఇట్లు,
మహేందర్

అల్మాస్‌గూడ, 4 జూన్ 2014

చిరంజీవి మహేందర్‌ను ఆశీర్వదించి గోపయ్య రాయునది.

నువ్వు పంపిన పందుల్లో ఒకటి పోయిన ఎండాకాలం చనిపోయింది. జామచెట్టు కింద పాతిపెట్టాం. మీ అత్త రెండు రోజులు అన్నం ముట్టలేదు. కుందేలు బాగుంది.

పొలమంతా ప్లాట్లయిపోయిన తర్వాత కొడవలి పట్టే పని నాకు వీటి గడ్డికే మిగిలింది. ఇవి పోతే పొద్దున లేచి నేనేం చేయాలి? నాకు భయమేస్తోంది.

పేపరు రెండుసార్లు చదివించుకున్నాను. తెలంగాణ వచ్చింది గాని హైదరాబాద్ పదేళ్ల దాకా ఉమ్మడేనట. కుందేలు కూడా అంతే. ఆదివారం జ్యోతికను తీసుకురా, బుట్ట తేవొద్దు.

ఇట్లు,
గోపయ్య

తా.క.: పందులు పంతొమ్మిది. "గవన్ని బిడ్డకే ఇచ్చెయ్" అంటోంది మీ అత్త. ఎప్పుడైనా తీసుకెళ్తే ఓనరుకు మాత్రం పందులని చెప్పకు. ఎలుకలని చెప్పు.