కనేలా మొదటి వేట

పుంతా అస్పెరా తీరం,
నవంబరు 28

ప్రియమైన తమ్ముడు ఫౌస్టినోకి,

మన ఉత్తరాలు చేరవేసే నీళ్ల లారీ డ్రైవరు వల్దెమార్ బయల్దేరుతున్నాడు, హడావిడిగా రాస్తున్నాను. పక్షుల జబ్బు నేను కాపలా కాసే ఒడ్డుకీ వచ్చింది. గూడబాతులు కుప్పలుగా చచ్చిపడుతున్నాయి. పోయినేడు నేను కాళ్లకు నంబరు రింగులు వేసిన సీగల్ పిల్లలూ పోతున్నాయి. వాటిని తిన్న భైరి డేగలు మెడ వాల్చేసి ఇసుకలో తూలుతున్నాయి. ఈ వారంలోనే నాలుగు. పూడ్చడానికి మనుషుల్ని పంపమంటే ఆఫీసరు ఏమన్నాడో తెలుసా? "జబ్బు తీరం దాటలేదమ్మా, కంగారెందుకు? ఫారంలో కోళ్లెన్ని పోయాయో రాయండి చాలు." ఇక్కడ కోళ్లెక్కడివిరా! ఒళ్లు మండిపోతోంది.

తోటలో పిట్టల్ని తరిమే నీ డేగను, కనేలాను, కొన్నాళ్లు ఎగరనివ్వకు.

ఒక్క పారతో తవ్వుకుంటున్న
మీ అక్క హెర్మెలిందా

ద్రాక్షతోట,
డిసెంబరు 1

ప్రేమగల అక్కకు,

చిన్నప్పుడు నాకు జలుబు చేసినా చర్చి ఫాదర్‌ని పిలిపించినదానివి నువ్వు! నీ సముద్రానికీ మా తోటకీ నలభై కిలోమీటర్లు, మధ్యలో అంతా ఎడారి. కాయ రంగు తిరుగుతోంది. డేగ ఎగరకపోతే పిట్టలు తోటంతా తినేస్తాయి, యజమాని నన్ను గెంటేస్తాడు.

అసలు సంగతి విను. నిన్న కనేలా ఈ కాపులో మొదటి వేట కొట్టింది. నీళ్ల గుంట దగ్గర, సీగల్ని! ఒక్క దూకుడు, అంతే. అది రెక్క కూడా ఎత్తలేదు. మొదటి వేటని డేగ దగ్గర లాక్కోకూడదని నాన్న చెప్పేవాడు కదా, కడుపారా తిననిచ్చాను. మిగిలింది రేపటికని సంచిలో వేసుకొచ్చాను. కూలీలంతా చప్పట్లు కొట్టారు.

ఛాతీ ఉబ్బిపోయిన
నీ తమ్ముడు

డిసెంబరు 3

ఒరేయ్ నా బంగారు మొద్దూ,

రెక్క ఎత్తని పక్షిని పట్టడం వేటా? అది జబ్బు పక్షిరా! ఆ సంచి ఒట్టి చేత్తో ముట్టుకోకు, లోతుగా పాతిపెట్టు. కనేలాను విడిగా ఉంచు. నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్లు. నీకు జ్వరం ఉందో లేదో వెంటనే రాయి. ఇంత మాట చెప్పడానికీ వల్దెమార్ లారీ కోసం ఎదురుచూడాల్సిన బతుకైపోయింది నాది.

నిద్ర పట్టని
అక్క

డిసెంబరు 17

అక్కా,

ఇన్నాళ్లు రాయనందుకు తిట్టుకో. నాకేం కాలేదు. డాక్టరు విడిగా ఉండమన్న పది రోజులూ అయిపోయాయి.

నీ ఉత్తరం అందేసరికే కనేలా కొయ్య మీద నిలవలేకపోతోంది. చేతి మీదికి తీసుకున్నాను. నన్ను గుర్తుపట్టలేదక్కా. తెల్లారేసరికి పోయింది. పెట్టెలో పెట్టి ఊళ్లో పశువుల ఆఫీసుకు తీసుకెళ్తే, "కోడి కాదు కదా, మాకు సంబంధం లేదు" అన్నారు. ఎదురుగా ఉన్న అటవీ ఆఫీసులో, "పెంచుకున్నదే కదా, అడవి పక్షి కాదు" అన్నారు. ఆ పెట్టె పట్టుకుని మధ్యాహ్నం దాకా రోడ్డుకి అటూ ఇటూ తిరిగాను.

సంచి పాతిపెడుతుంటే సీగల్ కాలు బయటికొచ్చింది. దానికి రింగు ఉంది. మీ తీరం పేరు, 2176. నువ్వు వేసిందే. నిన్ను ఏమీ అనడం లేదు, తప్పంతా నాది. రింగుని బాగా ఉడకబెట్టి ఈ కవరులో పెట్టాను. జబ్బు తీరం దాటలేదన్న పెద్దమనిషి బల్ల మీద పెట్టు. ఎక్కడ దొరికిందో, దాన్ని ఎవరు తిన్నారో చెప్పు.

వచ్చే లారీలో రెండు పారలు తీసుకుని వస్తున్నాను. యజమానిని అడగలేదు.

కనేలాను వాలనిచ్చే తోలు చేతితొడుగు కాల్చేశాను. అయినా పొద్దున లేవగానే, అది వచ్చి వాలుతుందన్నట్టు, ఎడమచెయ్యి దానంతటదే మడత పడుతోంది.

నీ మాట వినని
ఫౌస్టినో