సూర్యుడి చుట్టూ గుడి

నాన్నా, నేను కులాసా, బెంగపడకు. సోమవారం పొద్దున స్లాబు పోయబోతుంటే సూర్యుడి చుట్టూ పెద్ద వలయంలా గుడి కట్టింది, లోపలి అంచు ఎర్రగా.

"గుడి దూరంగా కడితే వాన దగ్గరంటారు మా నాన్న. ఇవాళ వద్దు సార్" అన్నాను.

"ఒక్క వానమబ్బయినా ఉందా మేస్త్రమ్మా?" అని ఇంజనీరు నవ్వాడు. నేను తాపీ కింద పెట్టేశాను, మా స్లాబు ఆ రోజుకి ఆగింది. మూడింటికల్లా కుండపోత. పక్కవాళ్ళ పచ్చి స్లాబు మీద సిమెంటంతా కొట్టుకుపోయింది.

మర్నాడు ఇంజనీరే టీ తెచ్చిచ్చి, "మీ నాన్నగారు ఏం చదివారమ్మా?" అని అడిగాడు.

"నలభై ఏళ్ళు ఆకాశం చదివారు సార్" అన్నాను. నా ఛాతీ ఎంత పొంగిందో!

ఇక సాకులు చెప్పకుండా కంటి ఆపరేషనుకు వెళ్ళు. అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? చెల్లికి ముద్దులు, మీ ఇద్దరికీ దండాలు.

నీ పెద్దమ్మాయి