చేతి చెమట

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ మా అందరికీ ఒంట్లో బాగానే ఉంది, మనసు సంగతి చివర్లో రాస్తాను. చిన్నమ్మ ఇంట్లో నువ్వు కులాసాగా ఉన్నావని నమ్ముతున్నాను.

పాప దగ్గు తగ్గింది. వంటగది కుళాయి ఇంకా కారుతూనే ఉంది, నీ అల్లుడు రేపు రేపు అంటూనే ఉన్నాడు. "ఫ్యాక్టరీలో నా కుర్చీ ఎవరికిచ్చారే?" అని అడిగావు. ఎవరికీ ఇవ్వలేదు. అక్కడ మెషీన్ పెట్టారు. నువ్వు పందొమ్మిదేళ్లు సోల్డరింగ్ చేసిన బల్ల దానికి అడ్డమని వరండాలో పడేశారు.

నీటిలో ఆమ్లం కొలిచే మన మీటర్లు మధ్యాహ్నమయ్యేసరికి తప్పు అంకె చూపిస్తున్నాయనే కదా నిన్ను పంపేసింది. నీ చేతి చెమట మీటర్ లోపలి బోర్డుకు అంటుకుని, ఆ తడి మీదుగా కరెంటు లీకవుతోందని రిపోర్టు. అందరి ముందూ నీ అరచేతులు చూపించమన్నారు. మొన్న మా ఇంటికొచ్చినప్పుడు పాపను ఎత్తుకోబోతూ కూడా చేతులు గుడ్డకు తుడుచుకున్నావు. చూడలేక పక్కగదిలోకి వెళ్లిపోయాను.

పోయిన నెల మెషీన్ చేసిన బోర్డులు వచ్చాయి. వాటికి మనిషి చెయ్యే తగల్లేదు. అవీ మధ్యాహ్నానికి అదే తప్పు చూపించాయి. తప్పు చిప్‌దేనమ్మా. నీటిలో ముంచే కడ్డీ నుంచి వచ్చే సిగ్నల్ మహా బలహీనం. దాన్ని అంకెగా మార్చే చిప్ అందులోంచి కరెంటు దాదాపు ఏమీ తాగకూడదు. ఇది వేడెక్కితే తాగుతోంది. ఆ సంగతి చిప్‌తో వచ్చిన కాగితాల్లోనే ఉంది. చిప్ ఎంచిన మనిషి చల్లటి గదికి ఇచ్చిన లెక్క చూసి సరిపెట్టుకుంది, కింది వరసలో వేడికి ఇచ్చిన లెక్క చదవలేదు.

"ఆ రిపోర్టు రాసిన మహానుభావుడు ఇంకా ఉద్యోగంలో ఉన్నాడా?" అని కూడా అడిగావు. సూపర్‌వైజరే అనుకుని ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టిపోశావు. ఉన్నాడు కాదమ్మా, ఉంది. చిప్ ఎంచిందీ నేనే, రిపోర్టు రాసిందీ నేనే. తప్పు చూపిన బోర్డు వెనక, సోల్డరింగ్ చేసినవాళ్ల నంబరు వేసే చోట నీ నంబరు చూశాను. అమ్మను వెనకేసుకొస్తోందని అంటారేమోనని భయపడి, ఇంకేమీ వెతక్కుండా సంతకం పెట్టేశాను.

ఇవాళ సూపర్‌వైజర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. "మూసేసిన ఫైలు, ఇప్పుడెందుకమ్మా? ఆవిడ ఎలాగూ వెళ్లిపోయిందిగా" అన్నాడు. పైగా టీ తెప్పించాడు. సిగ్గులేకుండా తాగాను. కొత్త రిపోర్టు ఆయన బల్ల మీద పెట్టి వచ్చాను, నకలు ఇందులో ఉంది. క్షమించమని అడిగే మొహం నాకు లేదు. ఈసారి వచ్చినప్పుడు నాతో మాట్లాడకపోయినా సరే, పాపను మాత్రం చేతులు తుడుచుకోకుండా ఎత్తుకో.

ఇట్లు,
నీ చేతి చెమట మీద పెరిగి, దాని మీదే నేరం మోపిన
నీ కూతురు