సన్న నూలుకు చిన్న తకిలీ

శీను నాయినకు,

నువ్వు పోయాక ఇది రెండో రాఖీ పున్నమి. నిరుడు శీను బజారులో కొన్న జంజెం మార్చుకుంటే, ఆ నైలాన్ దారానికి వాడి భుజం ఒరుసుకుపోయింది. అందుకే ఈసారి నేనే వడుకుదామని కనేరి బజారులో తకిలీ కొనడానికి పోయాను. మన మగ్గాలు తుక్కు కింద అమ్మినప్పుడే నీ తకిలీ కూడా పోయింది.

"ఇత్తడిది తీస్కో అవ్వా, మస్తు బరువుంటది," అన్నాడు దుకాణపాయన.

"బరువుదైతే సన్నపు నూలు తెగుతది బిడ్డా. గా చిన్నది ఇయ్యి," అన్నాను.

పుల్ల వంకర ఉందేమోనని నాలుగుసార్లు తిప్పి చూశాను.

నలభై ఏళ్లు నువ్వు జంజెం వడకడానికి దూది ఏకులు చేసిచ్చింది నేనే. ఒక్కనాడు తకిలీ ముట్టుకుంటే చేతి మీద కొట్టి, "ఆడది వడికింది మెడల ఏసుకుంటరా?" అన్నావు. శీనుకు నేర్పమంటే రేపు రేపన్నావు. నేర్పకుండానే పోయావు.

శీను కాశేలి గోదాముకు పనికి పోయాక తలుపు వేసుకుని వడికాను. దోషం తగులుతుందేమోనని భయపడుతూనే వడికాను. వాడికీ నీ మాటే తలకెక్కింది కదా, గైబీ నగర్‌లో ఒక ముసలాయన వడికాడని చెప్పి ఇచ్చాను.

పొద్దున వేసుకుని భుజం తడుముకున్నాడు. "నాయిన వడికినదాని కన్నా మెత్తగున్నదమ్మా. గా తాతను చూపియ్యి, కాళ్లు మొక్కుత," అన్నాడు.

నేను చీర కుచ్చెళ్లు పాదాల మీదికి లాక్కుని, ఆ తాత ఊరికి పోయాడని చెప్పాను.