మూడో ఏడాది ఏం చదవాలో

పొందూరు, 16 జూలై 1968, మంగళవారం

ఇంగ్లండ్‌లో నేను చదివే కాలేజీ నుంచి ఇవాళ ఉత్తరం వచ్చింది. సెలవులయ్యాక మూడో ఏడాదికి ఏ కోర్సు తీసుకుంటానో తిరుగు టపాలో రాయాలి. నాకు కావలసింది నూలు యంత్రాల కోర్సు. మా ప్రొఫెసర్ మాత్రం చేనేత చరిత్ర తీసుకోమంటున్నాడు. ఖద్దరు నేసే ఇంట్లో పుట్టిన అమ్మాయికి అదే సహజమట.

అన్నయ్యకు భయం. "ఆయన సెప్పినట్టు ఇనవే. ఆయన సంతకం పెట్టకపోతే నీ స్కాలర్‌షిప్పు ఆగిపోతాది."

మామ్మ అరుగు మీద కూర్చుని ఎప్పటిలాగే వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతోంది. ఆ సన్నటి పళ్లతో దువ్వితేనే పీచు శుభ్రపడుతుంది. తలెత్తకుండానే అడిగింది.

"ఆ దొర ఎప్పుడైనా పత్తి దువ్వినాడేటే?"

"లేదు మామ్మా. పత్తి మీద పుస్తకం రాసినాడు."

"అయితే ఓ పూట దువ్వమను. నడుం ఏటవుతాదో తెలుస్తాది. నువ్వా మరలే నేర్సుకో."

అక్కడే కూర్చుని, ఉత్తరంతో వచ్చిన ఫారంలో నూలు యంత్రాలు అని రాసేశాను. అన్నయ్య మొహం చూడలేదు. ప్రొఫెసర్ సంతకం పెట్టకపోతే పెట్టకపోనీ, ఎందుకు పెట్టవని ఎదురుగా నిలబడి అడుగుతాను.

నూలు మరలు వస్తే రేపు ఈ అరుగు మీద ఎవరు కూర్చుంటారో మాత్రం నాకూ తెలియదు. మామ్మను అడగడానికి నోరు రాలేదు...

ఆమె దగ్గర కొత్త దవడ ఒకటి అడిగి తీసుకుని, పెట్టెలో చీరల మధ్య దాచాను. పళ్లు ఇంకా పదునుగా ఉన్నాయి. ప్రొఫెసర్ బల్ల మీద పెట్టి, ఓ పూట దువ్వమంటాను.