బిరిల్లో మెడకి గొలుసు

చిరంజీవి ఒత్తావియోకి,

అమ్మ దీవించి రాసేది. మేము క్షేమం. మీ నాన్న విరిగిన భుజం ఎముక కూడా అతుక్కుంటోంది. ఎడమచేత్తో సూప్ తాగుతూ చొక్కా నిండా పోసుకుంటున్నాడు, ఏమన్నా అంటే కసురుతున్నాడు. కాబట్టి బాగానే ఉన్నట్టు లెక్క. ఈ ఏడు ఆలివ్ కాపు తక్కువే అయినా నీకో డబ్బా నూనె తీసిపెట్టాను.

పోయిన ఉత్తరంలో నువ్వు మొదట అడిగింది నాన్న సంగతి కాదు, నువ్వు చేసి పంపిన సైకిలు సంగతి. "జనం చూశారా, ఏమన్నారు?" అని. చూశారు నాయనా, కళ్లప్పగించి చూశారు. పాతకాలపు సైకిళ్ల సవారీ రోజు, పేర్లు రాసే బల్ల దగ్గర ఉన్ని జెర్సీల పెద్దమనుషులంతా దాని చుట్టూ మూగారు. బ్రేకు వైర్లు పూర్వంలాగే హేండిలు మీదుగా వంపు తిరిగాయా, పెడళ్లకి తోలు పట్టీలున్నాయా అని తడిమి తడిమి చూశారు. "దుయీలియో, నీ కొడుకువి బంగారు చేతులు రా!" అన్నాడొకడు. ఇంకొకడు ఆ ఇనుప రిమ్ములో మొహం చూసుకుని మీసం దువ్వుకున్నాడు. ఒక్కడంటే ఒక్కడు బ్రేకు నొక్కి చూడలేదు. ఛీ, వీళ్లా పరీక్ష చేసేవాళ్లు!

ముందురోజు మీ నాన్న దాన్ని కడిగి వాకిట్లో తొక్కితే, బ్రేకు ఎంత నొక్కినా కోళ్లగూటి దాకా పోయింది. సవారీ రోజు చూస్తే చినుకులు. "మన పాతదాని మీద వెళ్లు, కనీసం అది ఆగుతుంది" అన్నాను.

"ఊరుకోవే! మనవాడు చేసిన బండి ఇంట్లో పెట్టి, అందరి ముందూ ఆ డొక్కుదాని మీద ఊరేగమంటావా?"

"అల్యూమినియం రిమ్ములకి ఈ మెరుపు రాదమ్మా" అని వేసవిలో గొప్పగా చెప్పావు. తడిస్తే ఆ మెరుపు మీద బ్రేకు సబ్బుబిళ్లలా జారుతుందని నీకు తెలియదా? తెలియదంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. తెలిసీ చేశావు గనకే నాకు అసహ్యం వేస్తోంది.

ఇక రెండో ప్రశ్న. నాన్నకి అడ్డం వచ్చిన కుక్క ఎవరిదీ, వాళ్లని గట్టిగా నిలదీశారా అన్నావు. పక్కింటి నోర్మా వాళ్ల బిరిల్లోయేనని ఊరంతా తీర్మానించేసింది. పాపం ఆవిడ రొట్టె కాల్చి తెచ్చి, "తప్పు మాదే అక్కా" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఎన్నడూ కట్టెయ్యని కుక్కని గొలుసుతో కట్టేసింది. అది ఒకటే ఏడుపు. ఆ రొట్టె నాకు గొంతు దిగలేదు.

కుక్క లేదు, ఒత్తావియో. నీకు రాయనని మీ నాన్న నా చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. తెల్లమట్టి రోడ్డు దిగుడులో రెండు బ్రేకులూ హేండిలుకి అంటేదాకా నొక్కాడట. సైకిలు ఆగలేదు. ద్రాక్షతోట గోడ ఆపింది. బురదలో పడి ఉండి, పరిగెత్తుకొచ్చిన వాళ్లతో అన్న మొదటి మాట "కుక్క". నీ పేరు పాడవకూడదని.

వసంతంలో మిలాన్‌లో ఇలాంటి సైకిళ్లే అమ్మకానికి పెడతానని రాశావు. ముందు నువ్వొచ్చి, వానలో అదే సైకిలు మీద అదే దిగుడు దిగమని రాద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. నిన్ను దానిమీద ఎక్కనివ్వను. మరి పరాయి తల్లుల బిడ్డల్ని నువ్వెలా ఎక్కిస్తావు?

ఆదివారం రా. నోర్మాకి నిజం చెప్పి, నీ చేత్తో ఆ గొలుసు విప్పు. నూనె డబ్బా ఆ తర్వాతే.

ఇట్లు,
ఎంత రోత పుట్టినా నీ అమ్మే అయిన
ఎర్సీలియా